ఎద్దు మెడలో మాట

మా మనవరాలు చదివే బడిలో ఈ ఏడు కొత్త పద్ధతి పెట్టారు. అట్టముక్కల మీద మాటలు రాసిచ్చి, ఏ మాట ఏ వస్తువుదో చదివి పోల్చుకుని, ఇంట్లో ఆ వస్తువుకు తగిలించి రమ్మంటారట. మొన్న నిద్రలేచి చూద్దును కదా, తలుపు మీద ‘తలుపు’, అద్దం మీద ‘అద్దం’, నా చేతికర్రకు దారంతో కట్టి ‘కర్ర’. గోడల రంగు ఊడుతుందని కోడలు గొణుక్కుంటూ తిరుగుతోంది. నేను ఆ కర్ర పట్టుకుని, దాని మాట వంక చూస్తూ చాలాసేపు మంచం మీదే కూర్చుండిపోయాను. వేళ్ళకు అంటింది జిగురు వాసనే. ముక్కుకు మాత్రం పచ్చి తాటాకు వాసన కొట్టింది. ఉమ్మెత్తాకు పసరులో బొగ్గుపొడి కలిపి ఆ తాటాకు మీద రుద్దితే వచ్చే వాసన.

మా ఊరు కోవిల్‌పట్టికీ విరుదునగరుకూ నడుమ, నల్లరేగడి నేలలో ఉండేది. విరుదునగరును మా పెద్దవాళ్ళు ఇంకా విరుదుపట్టి అనే అనేవాళ్ళు. పత్తి బండ్లు అక్కడికి పోయేవి. తిరిగి వచ్చేటప్పుడు మా నైన, అంటే నాన్న, పంచె కొంగున కారపు సేవు పొట్లం ఉండేది. మా తాతలు ఎప్పుడు, ఎందుకు తెలుగు దేశం విడిచి వచ్చారో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పేవాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగులో ఒక్క అక్షరం కూడా ఊళ్ళో ఎవరికీ రాదు. అది నోట్లో ఉండే భాష. దాన్ని కంటితో కూడా చూడవచ్చని నాకు మద్రాసు వెళ్ళి పత్రికాఫీసులో చేరేదాకా సరిగ్గా తెలియదు.

రాత అంటే మా ఊరికి తెలిసినవి రెండే. ఒకటి తాలూకా కచేరీ నుంచి వచ్చే కాగితం. రెండోది పూజారి తాటాకు ముక్క మీద గీసి, చుట్టి, మనిషి దండకో పశువు మెడకో కట్టే రక్ష. మొదటిది చూస్తే భయం, రెండోది చూస్తే ధైర్యం. రెండింటినీ ఎవరూ చదవరు. చదవడం కోసమే రాసేది మూడోది ఒకటుంటుందని ఊరికి ఎవరూ చెప్పలేదు.

బడి ఉండేది. చావడి పక్కన తాటాకు కప్పు వేసిన పాక. అందులో ఒక ముసలి వాత్యారు పాఠం ముందు చెబితే మేం వెనక చెప్పేవాళ్ళం. అరవ వాచకం మొదటి నుంచి చివరి దాకా మాకు నోటికి వచ్చు. ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో కూడా వచ్చు. ఆయన కన్నుమూశాక కొత్తాయన కోవిల్‌పట్టిలో రైలు దిగి, నెత్తిన పెట్టెతో, కాళ్ళకు రెండు శేర్ల నల్లమట్టితో ఊళ్ళోకి వచ్చాడు. పడుచువాడు. తిరునెల్వేలి వైపు ఏటి ఒడ్డు ఊరివాడు. తెలుగు ముక్క రాదు.

వచ్చిన రోజే నన్ను లేపి చదవమన్నాడు. గడగడా ఒప్పజెప్పాను. ఆయన దగ్గరికి వచ్చి, నా చేతిలో పుస్తకాన్ని మెల్లగా తిప్పి పెట్టాడు. అంతదాకా అది తలకిందులుగా ఉంది. "ఇప్పుడు చదువు" అన్నాడు. నేను మళ్ళీ అదే గడగడా ఒప్పజెప్పాను. ఆయన నవ్వలేదు, కొట్టలేదు. "ఈ పాఠంలో ఎవరున్నారు?" అని అడిగాడు. పాఠంలో ఎవరైనా ఉంటారా? నేను పక్కవాడి వంక చూశాను. వాడు కప్పు వంక చూశాడు.

ఆ రోజుతో కోరస్‌లు ఆగిపోయాయి. ఆయన మాట అర్థం చెప్పేవాడు కాదు. పాఠం మెల్లగా చదివేవాడు. తెలియని మాట రాగానే ఆగి, ముందు నుంచి మళ్ళీ చదివేవాడు. "చుట్టూ ఉన్న మాటల్ని అడగండి, అవే చెబుతాయి" అనేవాడు అరవంలో. మాటల్ని ఎలా అడగాలో నాకు తెలిసేది కాదు. మనసులో నిజంగానే అడిగి చూశాను. ఒక్కటీ పలకలేదు.

ఒక పాఠంలో రైతు సంత నుంచి ఎద్దును తోలుకుని వస్తాడు. దారిలో ఏదో అడ్డం వస్తుంది. ఎద్దు దాటనంటుంది. వాన పడితే అది వెడల్పవుతుంది. రైతు సాయంత్రం దాకా ఒడ్డున కూర్చుంటాడు. ఆ ఏదోకి అరవంలో ఉన్న మాట మాలో ఎవరూ వినలేదు. ఏరు కంటితో చూసినవాడు ఒక్కడు లేడు. ఆయన మళ్ళీ మళ్ళీ చదివాడు.

"పులి సార్" అన్నాడొకడు.

"వాన పడితే పులి వెడల్పవుతుందా?"

"రైలు పట్టా సార్" అన్నాను నేను. కోవిల్‌పట్టి దగ్గర మా ఎద్దులు దాటనని మొండికేసింది అదొక్కటే మరి.

"తాసిల్దారు" అని వెనక నుంచి ఎవడో అన్నాడు. ఏటి ఒడ్డున పుట్టిన ఆ మనిషికి అప్పుడు నవ్వాగలేదు.

మూలన తలుపు దగ్గర, మగపిల్లలకు దూరంగా, మా అక్క కూర్చునేది. బడి మొత్తానికి ఆడపిల్ల తనొక్కతే. "నడిచే నీళ్ళు" అంది మెల్లగా. చెరువు తెలుసు, బావి తెలుసు, అవి కూర్చున్న నీళ్ళు. ఎద్దు భయపడాలంటే అవి నడుస్తూ ఉండాలి. వాత్యారు పుస్తకం మూశాడు. ఆమె వంక చూసి, "ఎప్పుడైనా చూశావా?" అన్నాడు. లేదని తల ఊపింది. చూడనిది ఎలా తెలిసింది? ఇంటికి పోయేదాకా అడిగాను. "పాఠంలో ఉంది గదరా" అంది. నాకు పాఠంలో రైలు పట్టానే కనిపించింది.

అక్క బడికి రావడం వెనక ఒక ఒప్పందం ఉంది. మా ఇంట్లో చివరి మాట అవ్వది. నైన కూడా ఆమె ముందు గొంతు తగ్గించేవాడు. కొత్త వాత్యారు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పంపమని అడిగినప్పుడు, ఎందుకో అవ్వ అక్కను కూడా పొమ్మంది. కానీ గడువు పెట్టింది.

"పత్తి పగిలేదాకా పో. ఆ మీదట ఒడి కట్టుకుని చేనికి రావాల. ఆడబిడ్డకి అరవ అచ్చరం ఏంటికే? ఆ వాత్యారు నీకు కూడు పెడతాడా?"

"ఒక యేడు పోతా అవ్వా. పుస్తకం అయిపోయేదాకా."

"పుస్తకం అయిపోతే ఇంకోటి ఇస్తాడు. వాడి పని అదే గదా. పత్తి పగిలేదాకా అంటే పత్తి పగిలేదాకానే."

అక్కకు అప్పుడు పదేళ్ళుంటాయి. ఆ ఏడాది పొడుగునా పత్తి చేను వంక చూడడానికి తను భయపడడం నేను చూశాను. మొగ్గలు వచ్చాయని నైన సంతోషంగా చెబితే కంచం ముందు నుంచి లేచిపోయింది. కంబు సంగటిలో, అదే సజ్జ సంగటిలో, చల్ల పోసుకుని, ఊరుమిరపకాయ కొరుక్కుంటూ, పంట బాగుంటే ఏడ్చేవాళ్ళు కూడా ఉంటారా అని నేను తికమక పడ్డాను.

వాత్యారు తాటాకు ముక్కలు మొదలుపెట్టింది కార్తీకం వానలు వెలిశాక. కాగితం దొరకదు, తాటిచెట్లకు కొదవ లేదు. లేతాకు కోసి, రెండు వేళ్ళ వెడల్పు ముక్కలు చేసి, గంటంతో పాఠంలోని మాట గీసేవాడు. పసరూ బొగ్గూ రుద్ది తుడిస్తే అక్షరాలు నల్లగా లేచేవి. చివర బెజ్జం, దారం. ముక్క ఎవరికి వస్తే వాళ్ళు పాఠంలో ఆ మాట ఎక్కడుందో వెతికి చదవాలి, ఊళ్ళో ఆ వస్తువు ఎక్కడుందో వెతికి కట్టాలి. తరవాత అక్క కూడా ఇంట్లో గంటం పట్టి గీయడం నేర్చుకుంది. ఆ ముక్కలతో ఊరంతా గలగలలాడింది. రోలుకు ఒకటి, ఏతానికి ఒకటి. నాకు ‘ఉప్పు’ వచ్చింది. ఉప్పు అరవంలోనూ ఉప్పే, ఇంట్లోనూ ఉప్పే. ఒకసారి నేర్చుకుంటే రెండుసార్లు పనికొస్తుందని సంతోషించాను. ఆ తరవాత, ఎద్దుకు రెండు పేర్లుండి ఉప్పుకు ఒకటే ఎందుకుందన్న చింత పట్టుకుంది. ఆ ఉప్పు ముక్కను కుండకు కట్టకుండా, నిద్రపోతున్న మా మామ కాలి బొటనవేలికి కట్టాను. ఆయన అలాగే సంతకు పోయి వచ్చాడు.

అక్కకు వచ్చిన మాట ‘మాడు’. అరవంలో ఎద్దయినా ఆవయినా మాడే. దాన్ని రెండు ముక్కల మీద గీసి మా జత ఎద్దుల మెడల్లో కట్టింది. అవ్వ చూసి కళ్ళు చిట్లించింది గాని తీసెయ్యలేదు. అక్షరమున్న ఆకును తెంపడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

సంక్రాంతి వచ్చే తై నెల పోయి మాసి నెల వస్తుండగా పశువులకు జాడ్యం తగిలింది. ఏళాయిరంపన్నై వైపు నుంచి వచ్చిందన్నారు. పశువు మేత మానేసేది, నోట చొంగ కారుస్తూ నిలబడేది, కొన్ని లేచేవి, కొన్ని లేచేవి కాదు. వేపాకు పొగ వీధంతా కమ్ముకుని ఉండేది. మా వీధిలో చాలా కొట్టాల్లో పశువులు పడిపోయాయి. మా జతకు ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక పొద్దున అవ్వ కొట్టంలో ఎద్దు మెడ నిమురుతూ, ఆ తాటాకు ముక్కను రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది. అక్కను పిలిచింది.

"ఇది నువ్వే గీసితివా?"

"నేనే అవ్వా. మాడు అని..."

"అబ్బబ్బ, నోరు ముయ్యే! లోపల ఏముందో బయటికి చెబితే ఇగిరిపోదా? పూజారి ఎన్నడైనా చెప్పినాడా?"

"రక్ష కాదు అవ్వా, ఇది..."

"చెప్పొద్దంటి గదా!"

మధ్యాహ్నానికి పక్కింటి పెద్దత్త తన ఎద్దుకూ ఒకటి కావాలని వచ్చింది. సాయంకాలానికి ఎదురింటివాళ్ళు, పైవీధి వాళ్ళు. ఒకరు గుమ్మడికాయ తెచ్చారు, ఒకరు కొంగులో వేరుసెనక్కాయలు. అవ్వ గడపలో కూర్చుని, "స్నానం చేసి రాండి, ఎంగిలి చేత్తో తాకొద్దు" అని తానే నియమాలు కల్పించి చెప్పింది. అక్క లోపల కూర్చుని గీస్తూనే ఉంది. నేను పసరు నూరాను. ఇల్లంతా ఉమ్మెత్త వాసన. తల తిరిగింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర అవ్వ నైనతో అంది. "ఈ యేడు పత్తికి కూలోళ్ళను పిలుచుకో. అమ్మణ్ణి బడికి పోనీ. వచ్చే యేడు కూడా పోనీ. పిల్ల చేతిలో ఏదో ఉండాది."

నైన తల ఊపాడు. అక్క ముద్ద నోట్లో పెట్టుకోబోతూ అలాగే ఉండిపోయింది. నేను పొంగిపోయాను. తను మాత్రం సంతోషంగా లేదు. కోరుకున్నది వచ్చినప్పుడు మనుషులు అట్లా ఉంటారా? నాకేం పాలుపోలేదు.

వాత్యారుకు తెలియడానికి వారం పట్టింది. ఒక గొర్రె మెడలో ‘మాడు’ చూసి, తప్పు కట్టారని విప్పబోతే, కాపరి కొట్టడానికి వచ్చాడట. బడికి వచ్చి అక్కను అడిగాడు. జరిగింది చెప్పింది. "నువ్వు చెప్పలేదా వాళ్ళకు, అది ఉత్త మాటేనని?"

"చెప్పబోతిని సార్. చెప్పనియ్యలే." మళ్ళీ తనే, "ఇది రక్ష కాకపోతే పత్తి పగలగానే నేను చేనికి పోవాల సార్" అంది.

ఆయన గంటం వంక చూస్తూ కూర్చున్నాడు. ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను. పుస్తకం తీసి తరవాతి పాఠం మొదలుపెట్టాడు. మాటకు అర్థం తెలియకుండా నోట పలకడమే తప్పు అని మాకు నేర్పినాయన, ఊరంతా ఒక మాటకు అర్థం తెలియకుండా మొక్కుతుంటే ఊరుకున్నాడు. తప్పో ఒప్పో నాకు తేలలేదు. ఆయనకూ తేలలేదేమో.

పక్కింటి పెద్దత్తకు ఒక కోడలు. ఏడాది కిందటే పెళ్ళయి వచ్చింది, మా అక్క కంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఆ పిల్లకు మా అక్కంటే ప్రాణం. మధ్యగోడ మీద చిక్కుడు తీగ పాకి ఉండేది. దాని సందులోంచి ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు. ఆ పిల్లొక్కతే అడిగింది, ఆకు మీద ఏముందని. అక్క ఆమె ఒక్కతెకే చెప్పింది. రెండక్షరాలు, ఇది మా, ఇది డు. గోడ మట్టి మీద పుల్లతో గీసి చూపించింది. ఆ పిల్ల ఎప్పుడు ఎద్దుకు కుడితి పెట్టినా దాని మెడలోని ముక్క మీద వేలు పెట్టి, పెదవులు కదిపేది. గోడ మీంచి నేనూ చూశాను.

ఊళ్ళో ఆడవాళ్ళు నెలకు మూడు రోజులు ఊరి చివర గుడిసెలో ఉండేవాళ్ళు. పశువుల కొట్టం వైపు రాకూడదు. అట్లా గుడిసెకు పోతూ ఆ పిల్ల వాకిట్లో కట్టేసిన ఎద్దు దగ్గర ఆగిందట. అలవాటు కొద్దీ ముక్క మీద వేలు పెట్టింది. ఎవరో చూశారు. ఆ మూడు రోజులూ గడవకముందే పెద్దత్త వాళ్ళ ఎద్దు పడిపోయింది. ఇంకో రెండు రోజులకు చచ్చిపోయింది.

బడి విడిచే వేళ మా వాకిట్లో గోల. పెద్దత్త కోడల్ని చెయ్యి పట్టి లాక్కొచ్చి నిలబెట్టింది. రెండో చేతిలో చచ్చిన ఎద్దు మెడ నుంచి తీసిన తాటాకు ముక్క.

"పెద్దమ్మా, చూడు" అంది అవ్వతో. "బంగారమంటి రక్ష. ఈ ముండ ముట్టుతో తాకి చంపేసింది. నా కొడుకు దున్నేదానికి ఏముండాది ఇంక? పుట్టింటికి పంపించేస్తా. బండి కట్టమని చెప్పినా."

"తాకితివా?" అంది అవ్వ.

ఆ పిల్ల తల ఊపింది. ఎందుకు తాకిందో చెప్పలేదు. చెబితే మా అక్క మీదికి వస్తుందని అనుకుందో ఏమో. పుట్టింట్లో తల్లి లేదు, సవతి తల్లి. అది ఊరందరికీ తెలుసు. పంపిస్తే మళ్ళీ పిలిచేవాళ్ళుండరని కూడా తెలుసు.

జనం చేరారు. వాత్యారు కూడా వచ్చాడు. ఎవరో ఆయన్ను అడిగారు, తాకితే పోతుందా అయ్యా అని. ఆయన అరవంలో, జాడ్యం నీళ్ళ తొట్టి నుంచి వస్తుందని, గాలి నుంచి వస్తుందని, ఏవేవో చెప్పాడు. ఎవరూ వినలేదు. ఆయన అక్క వంక చూశాడు, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

అక్క గడప దిగింది. నేను పావడ అంచు పట్టుకున్నాను. విడిపించుకుంది.

"అత్తా, పోయేదానికి దాంట్లో ఏమీ లేదు. అది రక్ష కాదు."

"ఏమంటివి?" అంది అవ్వ.

"మాడు అని రాసింది అవ్వా. అంతే. ఎద్దు మెడలో ఎద్దు అని రాసి కట్టినా. బడిలో పాఠం."

"ఊరుకో" అంది అవ్వ. గొంతులో కోపం లేదు, భయముంది. "ఏం చెబుతా ఉండావో నీకు తెలుసా?"

"తెలుసు అవ్వా." అక్క పెద్దత్త చేతిలోని ముక్కను తీసుకుని ఆ పిల్ల కళ్ళ ముందు పట్టుకుంది. "చదువు అక్కా."

ఆ పిల్ల చెయ్యి వణుకుతోంది. వేలు మొదటి అక్షరం మీద పెట్టింది. "మా" అంది. వేలు జరిపింది. "డు."

పైవీధి ముసలాయన పోయి, తన గొర్రె మెడ నుంచి ముక్క విప్పి తెచ్చి వాత్యారు చేతికిచ్చాడు. "ఇది?"

"మాడు" అన్నాడు వాత్యారు.

"గొర్రెకి కూడానా?"

"దానికి కూడా."

ఇంకొకరు ఇంకోటి తెచ్చారు. అదీ మాడే. ముసలాయన అందరి వంకా చూశాడు. "ఏమప్పా, ఊరంతా ఒకటే మాటా? దీనికా నేను గుమ్మడికాయ మోసుకుని వస్తిని!"

ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. తరవాత ఇంకొకరు. నవ్వు వాకిలంతా పాకింది. పెద్దత్త మొహం నల్లబడింది, కానీ పట్టిన చెయ్యి వదిలేసింది. బండి కట్టలేదు. ఆ పిల్ల ఆ ఇంట్లోనే ఉండి, తరవాత ఆ ఇంటికి పెద్ద అయింది.

అవ్వ మాత్రం నవ్వలేదు. మర్నాడు వాత్యారు మా ఇంటికి వచ్చాడు. మా అవ్వకు అరవం బజారుకు చాలినంత వచ్చు. ఆయన తెలుగు రాని మనిషి. ఇద్దరికీ మధ్య నైన నిలబడ్డాడు. ఇంత తెలివిగల పిల్లను బడి మాన్పించవద్దని ఆయన బతిమాలాడు. అవ్వ చల్ల తెప్పించి ఆయన ముందు పెట్టించింది. తరవాత నెమ్మదిగా, నొప్పించకుండా అంది.

"అయ్యా, నేను కోపంతో చెప్పడం లేదు. అది మందు అయివుంటే పంపేదాన్నే. మంత్రమైనా పంపేదాన్నే. అమ్మణ్ణి అది ఉత్త మాట అనె. మా ఎద్దును మేము మా తాతల నాటి నుంచి ఎద్దు అంటానే ఉండాం. అది నోట్లో ఉంటే చాలదా? ఆకు మీద పెట్టేదానికి పిల్లను ఏంటికి పంపాల? మీరే చెప్పండి."

నైన దాన్ని అరవంలో చెప్పాడు. మాటకు అర్థం దాని పక్క మాటల్లో ఉంటుందని రోజూ చెప్పే మనిషి, అప్పుడు తన మాటలు ఎక్కడ వెతుక్కోవాలో తెలియక చల్ల తాగి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. తన ఏటి ఒడ్డు ఊళ్ళోనైనా ఆయనకు సమాధానం దొరికి ఉంటుందా అని నేను ఇప్పటికీ అనుకుంటాను. పత్రికలో మాటలు దిద్ది, కొట్టేసి, మార్చి జీతం తిన్నవాణ్ణి నేను. మా అవ్వ ప్రశ్నకు ఏం చెప్పాలో నాకు కూడా తెలియదు.

పత్తి పగిలింది. తెల్లవారగానే అక్క నడుముకు ఒడి కట్టుకుని, పెద్దవాళ్ళ వెనక చేనికి పోయేది. పత్తికాయ మొనలకు వేళ్ళు గీరుకుని సాయంకాలం చింతపండు తాకితే మండేవి. నన్ను బడి మానమని ఎవరూ అనలేదు. రైలు పట్టా అన్నవాడు బడికి, నడిచే నీళ్ళు అన్నది చేనికి. ఇదేమిటని అమ్మను అడిగితే, "నువ్వు మగబిడ్డవు గదరా" అంది, అదే జవాబైనట్టు. కొన్నాళ్ళు అక్క చీకటి పడేవేళ నన్ను పిలిచి, ఈ రోజు ఏం చదివారని అడిగేది. నేను సగం మరిచి, సగం తప్పుగా చెప్పేవాణ్ణి. ఆ తప్పుల్లోంచే తను పాఠం మొత్తం సరిగ్గా కట్టుకునేది. తరవాత అడగడం మానేసింది. వాత్యారును వేరే ఊరికి మార్చారు. రెండేళ్ళకు అక్కకు పెళ్ళయింది.

చాలా ఏళ్ళ తరవాత, అక్కా నేనూ ఇద్దరం ముసలివాళ్ళమయ్యాక, కారియాపట్టి దగ్గర ఆమె కొడుకు ఇంట్లో ఒక మధ్యాహ్నం కూర్చుని ఉన్నాం. ఆమె ముందు చేటలో కందులు. పత్రిక చదువుతూ ఎందుకో అడిగాను. ఆ రోజు నోరు తెరిస్తే బడి పోతుందని నీకు నిజంగా తెలుసా అని.

"తెలుసు."

"మరి అంతమందిలో, ఒక్క క్షణమైనా బడి గుర్తుకు రాలేదా?"

అక్క కందుల్లోంచి ఒక రాయి ఏరి పారేసింది. "ఎట్ట గుర్తొస్తుంది రా? ఆ పిల్ల చెయ్యి అట్ట వణకతా ఉండె. అందరి ముందర నిలబెట్టి చదవమంటిని. తప్పు చదువుతుందేమో అని నా గుండె కొట్టుకుంటా ఉండె. రెండే అచ్చరాలు. నేను నేర్పినవి."

చేటను ఒకసారి ఎగరేసి పట్టుకుంది. పొట్టు గాలికి పోయింది.

"చదివింది గదా" అంది.